వెనకంతా ఖాళీ చెయ్యమంటే

మా ఇంట్లో ఒకే మనిషికి రెండు పిలుపులు. నేను ‘నాన్నా’ అంటాను, నా కూతురు ‘నానా’ అంటుంది. హిందీలో అమ్మ తండ్రిని అలాగే పిలుస్తారు. నా కూతురు భిలాయిలో పుట్టి పెరిగింది కాబట్టి తెలుగు అర్థమవుతుంది గానీ నోట్లోంచి వచ్చేది హిందీయే. ఎవరు ఎలా పిలిచినా ఆయన తలెత్తకుండా ‘ఆఁ’ అంటాడు. పిలిచినవాళ్ళ ముఖం చూడకుండా పలికే అలవాటు ఆయనకి మొదటినుంచీ ఉంది. అందుకే ఆయన చూపు తగ్గుతోందని మాకు చాలాకాలం తెలియలేదు.

నాకు భిలాయిలోనే సుపేలాలో చిన్న ఫోటో స్టూడియో ఉంది. స్టూడియో అని బోర్డు మీద ఉంది గానీ ఇప్పుడు ఫోటో తీయించుకోవడానికి వచ్చేవాళ్ళు తక్కువ. అందరి చేతుల్లోనూ ఫోన్లున్నాయి. తీసుకున్నవి తెచ్చి బాగుచెయ్యమంటారు. మిట్టమధ్యాహ్నం ఎండకి వీపు పెట్టి నిలబెట్టి తీస్తారు, ‘ముఖం నల్లగా వచ్చింది దీదీ, కొంచెం సాఫ్ చెయ్యండి’ అంటారు. నేనేదో ముఖం కడిగే పని పెట్టుకున్నట్టు. ఒక్కోసారి ఒళ్ళు మండుతుంది. కానీ చేస్తాను, అదే నా బతుకుతెరువు కాబట్టి, పైగా ఆ పని నాకు ఇష్టం కాబట్టి.

పని చెప్పుకోవడానికి సులువే. కంప్యూటర్లో ఫోటో పక్కన రెండు గీతలుంటాయి. ఒకటి హైలైట్స్, అంటే వెలుగు బాగా పడ్డ చోట్లు. రెండోది షాడోస్, నీడ పడ్డ చోట్లు. గీత మీదున్న చుక్కని అటూ ఇటూ జరిపితే వెలుగు తగ్గుతుంది, నీడ విచ్చుకుంటుంది. పెళ్ళికూతురి చీర మెరుపు చల్లారాలి, పెళ్ళికొడుకు కళ్ళకింద చీకటి పలచబడాలి. రెండూ ఒక చోట కలిసి, కళ్ళకి ఏదీ గుచ్చుకోకుండా అన్నీ కనిపించాలి. అన్నీ కనిపించడమే మంచి ఫోటో అని నేను ఇరవయ్యేళ్ళుగా నమ్ముతూ వచ్చాను. తెల్లగా కాలిపోయిన చోట మాత్రం ఏమీ చెయ్యలేం. ఎంత తగ్గించినా అక్కడ బూడిద రంగు వస్తుంది తప్ప చొక్కా మడత తిరిగి రాదు. నల్లబడిన చోట అలా కాదు, తవ్వితే ఏదో ఒకటి దొరుకుతుంది. కొత్తగా పని నేర్చుకునే పిల్లలకి మొదట ఇదే చెబుతాను.

నాకీ పిచ్చి పట్టించింది మా నాన్నే. శ్రీకాకుళం పక్కనుంచి వచ్చి భిలాయి దగ్గర నందిని సున్నపురాయి గనిలో డంపర్ నడిపాడు. నా చిన్నతనమంతా ఆ గని కాలనీలోనే గడిచింది. అక్కడ ఫోటో తీస్తే వెనక తెల్లరాతి దిబ్బలు భగ్గుమనేవి, ముందున్న మనుషులు బొగ్గుముక్కల్లా వచ్చేవాళ్ళు. మా చిన్నప్పటి ఫోటోలన్నిట్లోనూ కనిపించేవి మా పళ్ళు మాత్రమే. రీలు కడిగించి తెచ్చిన ప్రతిసారీ నాన్న వాటిని కిటికీ దగ్గర పట్టుకుని, ‘ఇందులో నా కూతురేది? రాళ్ళ ఫోటో తీసినాడేటి?’ అని విసుక్కునేవాడు. రాళ్ళలోంచి మనుషుల్ని బయటికి లాగాలన్న పట్టుదల నాలో అప్పుడే పడి ఉంటుంది.

నాన్న రిటైరయ్యాక సుపేలా వెనక ఇల్లు కట్టుకున్నాం. రోజూ టిఫిన్ తిని స్టూడియోకి వచ్చి నా పక్కన కుర్చీలో కూర్చునేవాడు. వంకలు పెట్టడం ఆయన ఉద్యోగం. ‘ఈ పెళ్ళికొడుకు మెడ ఎటు ఎల్లిపోనాది?’ అనేవాడు. ‘సీర జరీ కనిపిస్తన్నాది గానీ పిల్లేదే?’ అనేవాడు. కస్టమర్లు ఎదురుగా ఉన్నా నోరాగేది కాదు. నేను పళ్ళు కొరుక్కుంటూ చూస్తే, చాలాసార్లు ఆయన మాటే నిజమయ్యేది. ఒప్పుకోకుండా, ఆయన టీకి బయటికెళ్ళినప్పుడు చుక్క జరిపేదాన్ని.

అలాంటి మనిషి ఒక ఏడాది మెత్తబడ్డాడు. ఏ ఫోటో చూపించినా ‘బాగున్నాది’ అనడం మొదలుపెట్టాడు. మా అమ్మ సంతోషించింది. ‘మీ నాన్నకి వయసొచ్చి బుద్ధొచ్చినాది’ అంది. నాకు మాత్రం ఎందుకో మింగుడుపడలేదు. ఒకరోజు కావాలనే, ఫ్లాష్ కొట్టి పెళ్ళికొడుకు ముఖం పూర్తిగా తెల్లబడిపోయిన ఫోటో ఒకటి ప్రింటు తీసి చేతికిచ్చాను. కళ్ళూ లేవు, ముక్కూ లేదు, తలపాగా కింద తెల్లటి అప్పడం. ఆయన దాన్ని కాస్త పక్కకి వంచి చూశాడు. ‘బాగున్నాదమ్మా’ అన్నాడు.

నేను ఆ ప్రింటు తీసుకుని లోపలికి వెళ్ళి ఏడ్చాను.

కంటి డాక్టరు పరీక్షలన్నీ చేసి, కంట్లో ఒత్తిడి పెరిగి వెనక నరం ఎండుతోందని చెప్పాడు. పోయిన చూపు తిరిగి రాదు, మిగిలింది నిలబెట్టుకోవాలి, చుక్కలమందు మానకూడదు. ఇంకో మాట కూడా అన్నాడు. ‘వీరికి చీకటికీ వెలుగుకీ తేడా బాగా ఉంటే తెలుస్తుంది. తేడా తక్కువున్న చోట అంతా మంచులా ఉంటుంది’ అన్నాడు. నేను బుద్ధిగా తలూపాను. ఆ మాట నా పనికి సంబంధించిందని నాకు తట్టలేదు. మా అమ్మకి కూడా, తెల్ల పింగాణీ పళ్ళెంలో పెట్టిన పెరుగన్నం ఆయన సగం ఎందుకు వదిలేస్తున్నాడో తట్టలేదు. ఆకలి తగ్గిందనుకుని బెంగపడింది.

తెలిశాక ఆయన స్టూడియోకి రావడం మానేశాడు. కాళ్ళు నొప్పులన్నాడు. గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చుని, రోడ్డు మీద ఆటోల చప్పుడు వింటూ ఉండేవాడు. కనిపించడం లేదన్న మాట మాత్రం ఒక్కసారి కూడా అనలేదు. మేమూ అడగలేదు. ఇంట్లో అందరం ఒకళ్ళకొకళ్ళం నటించుకుంటున్నట్టు ఉండేది.

ఆ రోజుల్లోనే విశాఖలో ఉన్న మా తమ్ముడికి ఆడపిల్ల పుట్టింది. వాడికి పెళ్ళయిన చాలాకాలానికి పుట్టిన పిల్ల. ఫోన్లో ఫోటో రాగానే మా అమ్మ వీధిలో సగంమందికి చూపించింది. చూసినవాళ్ళందరూ ఒకే మాటన్నారు, ముక్కు తాతదేనని. మా నాన్న ముక్కు పెద్దది, పేరున్న ముక్కు. అమ్మ ఫోన్ తెచ్చి ఆయన ముఖం ముందు పెట్టి, ‘సూడండి, మీ ముక్కే’ అంది. ఆయన ఫోన్‌ని దూరంగా పట్టుకుని, దగ్గరగా పట్టుకుని, ‘అవునవును, నా ముక్కే’ అన్నాడు. తర్వాత వచ్చినవాళ్ళకి కూడా ఆయనే చెప్పేవాడు, నా ముక్కొచ్చినాది అని. చెబుతూ నవ్వేవాడు. ఆ నవ్వు చూడలేక నేను వంటింట్లోకి పోయేదాన్ని.

విశాఖ వెళ్దామంటే మాత్రం వాయిదా. ‘ఎండలు తగ్గనీ’ అన్నాడు. ఎండలు తగ్గాయి. ‘వానల్లో పెయాణమేటి’ అన్నాడు. భయం రైలెక్కడానికి కాదని నాకు తెలుసు. మనవరాలిని ఒళ్ళో పెడితే, అందరూ చుట్టూ నిలబడి చూస్తుంటే, కనిపించని ముఖాన్ని చూసి ఏమనాలో ఆయనకి తెలియదు. ఫోన్ ముందు అబద్ధమాడినంత తేలిక కాదు, పసిపిల్ల ముందు ఆడటం.

ఆ పిల్ల ముఖం ఆయన సొంత కళ్ళతో చూసేలా చెయ్యాలని నాకు పంతం పట్టుకుంది. ఇన్నేళ్ళుగా ఊళ్ళోవాళ్ళ ముఖాలు బాగుచేసినదాన్ని, ఇంట్లో మనిషికి ఒక్క ముఖం చూపించలేనా అనుకున్నాను. తమ్ముడి దగ్గర పెద్ద ఫోటో తెప్పించాను. నా విద్యంతా దాని మీద పెట్టాను. కిటికీ వైపున్న బుగ్గ మీద వెలుగు తగ్గించాను, రెండోవైపు నీడ విప్పాను. వెంట్రుకలు లెక్కపెట్టొచ్చు, దుప్పటి మీద అచ్చేసిన ఏనుగులు కూడా స్పష్టంగా ఉన్నాయి. నా జీవితంలో అంత చక్కగా తూకం కుదిరిన ఫోటో ఇంకొకటి లేదు. గోడకి సరిపోయేంత పెద్దది, నిగనిగలాడే కాగితం మీద తీసి తెచ్చాను.

ఆయన దాన్ని ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు చూశాడు. ట్యూబులైటు కాగితం మీద తళుక్కుమంటోంది. చివరికి అన్నాడు.

‘బాగున్నాది.’

నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియదు. ఆ ఫోటో బీరువా వెనక పెట్టేసి, ఇక ఆ ప్రయత్నం వదిలేశాను.

అయితే అమ్మ వదల్లేదు. ఆమెకి మనవరాలి ఫోటో ఫ్రేము కట్టించి హాల్లో పెట్టుకోవాలి. నేను అంత కష్టపడి విప్పిన నీడల్లోంచి, తమ్ముడి ఇంటి సామానంతా బయటపడింది. పిల్ల తల వెనక పౌడర్ డబ్బా, ఫ్లాస్కు, ఎవరిదో తడి తువ్వాలు. చీకట్లో ఉన్నంతసేపూ అవి ఎవరికీ కనిపించలేదు, నేనే కనిపించేలా చేశాను. అమ్మకి ఆ తువ్వాలు గిట్టలేదు. మర్నాడు నేను స్టూడియోలో ఉండగా నా కూతురు ఫోన్లో మెసేజ్ పెట్టింది. దాని మెసేజ్‌లు ఎప్పుడూ ఇంగ్లీషు అక్షరాల్లో హిందీ. ‘నానీ బోల్ రహీ హై, బేబీ కే పీఛే కీ పూరీ జగహ్ కాలీ కర్ దో.’ అమ్మమ్మ చెబుతోంది, పాప వెనకున్న చోటంతా నల్లగా చేసెయ్.

చదివి ఆశ్చర్యపోయాను. పసిపిల్ల వెనక నలుపా? మళ్ళీ నేనే సర్దిచెప్పుకున్నాను. దిష్టి కోసం అయ్యుంటుంది. పిల్ల బుగ్గన చుక్క, అరికాల్లో చుక్క, నడుముకి నల్లదారం, ఇవన్నీ ఫోన్లోనే గుర్తుచేసి పెట్టించిన మనిషి మా అమ్మ. వీధంతా చూసి ముక్కు గురించి మాట్లాడుకున్నారు కదా, ఇప్పుడు ఫోటోకి కూడా దిష్టిచుక్క పెట్టించాలనుకుంటోంది, అదీ గోడంత చుక్క. నవ్వుకుని పనిలో దిగాను.

వెనక నలుపు పెట్టాక పాత తూకం పనికిరాలేదు. రెండు వైపులా సమానంగా వెలిగిన ముఖం నల్లటి చోట్లో అతికించిన బొమ్మలా ఉంది. ఎప్పుడూ చేసేదానికి తలకిందులుగా చెయ్యాల్సి వచ్చింది. విప్పిన నీడని మళ్ళీ మూసేశాను. కిటికీ వైపు నుదురు, ముక్కు గీత, పై పెదవి, గడ్డం, ఒక చెవి, వీటి మీదే వెలుగు ఉంచి మిగతాది చీకట్లో కలిపేశాను. ఏనుగులు పోయాయి, తువ్వాలు పోయింది, రెండో బుగ్గ సగం పోయింది. పారేసిందెక్కువ, ఉంచింది తక్కువ. నాకు నచ్చలేదు. కస్టమరు అడిగాడు, చేశాం అన్న లెక్కలో ప్రింటు తీశాను. నిగనిగలాడే కాగితం అయిపోవడంతో మెరుపులేని కాగితం మీద తీశాను.

సాయంత్రం ఇంటికొచ్చి, హాల్లో బల్ల మీద గోడకి ఆనించి నిలబెట్టాను. అమ్మ వంటింట్లోంచి చెయ్యి తుడుచుకుంటూ వచ్చి చూసి నిలబడిపోయింది.

‘ఏటే ఇది? పసిపిల్ల ఎనకాల సీకటేటి?’

‘నువ్వే కదమ్మా నల్లగా చెయ్యమన్నావు, దిష్టికని.’

‘నానెప్పుడన్నాను? కాళీ సెయ్యమన్నాను. ఆ తువ్వాలూ డబ్బాలూ తీసీమన్నాను.’

నేను నా కూతురి వైపు తిరిగాను. అది ఫోన్ పైకెత్తి చూపించింది. ‘నానీ నే కాలీ హీ బోలా థా, మమ్మీ. మైనే వహీ లిఖా.’ అమ్మమ్మ కాలీ అనే అంది, నేనూ అదే రాశాను అని.

అప్పుడర్థమైంది. మా అమ్మ ఖాళీలో ఒత్తు ఏనాడూ పలకలేదు. మా వైపు ఎవరూ పలకరు. ఆమె ‘కాళీ’ అంటే మాకు ఖాళీ. నా కూతురి హిందీ చెవికి ళ కూడా ల లాగే వినిపిస్తుంది, కాలీ అంటే నలుపు. మధ్యలో నేను, రెండు భాషలూ వచ్చని గర్వం ఉన్నదాన్ని, దిష్టి కథ కల్పించుకుని మరీ నమ్మాను. ముగ్గురం ఒకేసారి మాట్లాడటం మొదలుపెట్టాం. అమ్మ ‘రెండు ముక్కల తెలుగు నేర్పలేకపోనావు పిల్లకి’ అంటుంది. నా కూతురు ‘నానీ, ఖా బోలియే, ఖా’ అని ఆమెకి ఒత్తు నేర్పిస్తోంది. అమ్మ ‘కా’ అంటుంది. ఇంట్లో ఆ మాత్రం గోల విని చాలారోజులైంది.

‘ఆ ముక్కు నాది కాదు.’

గుమ్మం దగ్గర కుర్చీలోంచి నాన్న ఎప్పుడు లేచాడో మేం చూడలేదు. బల్ల ముందు నడుం వంచి నిలబడి ఉన్నాడు.

‘ఏటన్నారు?’ అంది అమ్మ.

‘ఈ ముక్కు నాదని ఎవులన్నారు? నా ముక్కిలగుంటాదేటి? సివర సూడు, పైకి లేసున్నాది. ఇది నీ ముక్కు.’

అమ్మ చెయ్యి దానంతటదే తన ముక్కు మీదికి వెళ్ళింది. నేను ఫోటో చూశాను, అమ్మని చూశాను. నిజమే. చివర కొంచెం పైకి లేచిన చిన్న ముక్కు. ఇన్నాళ్ళూ ఇంత దగ్గరగా, జూమ్ చేసి మరీ చూసినదాన్ని, నాకు తట్టలేదు. తాత ముక్కని అందరూ అంటే నేనూ అదే చూశాను.

‘మరి ఇన్నాళ్ళూ అవునవునన్నారు కదా,’ అంది అమ్మ.

‘మీరందరూ అంటే నానూ అన్నాను. నాకు కనిపించలేదు మరి.’

అంతే అన్నాడు. చాలా మామూలుగా, కూరలో ఉప్పు లేదన్నట్టు అన్నాడు. ఇంట్లో ఎవరం ఇన్నాళ్ళూ నోటితో అనలేని మాట అది. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నా కూతురు వెళ్ళి ఆయన చెయ్యి పట్టుకుని, ‘అబ్ దిఖ్ రహా హై, నానా?’ అని అడిగింది, ఇప్పుడు కనిపిస్తోందా అని. ఆయన వేలు ఫోటోకి తగలకుండా గాల్లోనే గీస్తూ చూపించాడు, ఇది నుదురు, ఇది ముక్కు, ఇదిగో పెదవి, ఇక్కడ గడ్డం. గీత ఎక్కడా తప్పలేదు. డాక్టరు చెప్పిన మాట అప్పుడు గుర్తొచ్చింది నాకు. తేడా ఉంటే తెలుస్తుందన్నాడు. నేను ఇరవయ్యేళ్ళుగా తేడా తగ్గించడమే పనిగా పెట్టుకున్నాను. అందరికీ అన్నీ కనిపించేలా చేసిన ప్రతి ఫోటోనీ ఆయనకి మంచు చేసి ఇచ్చాను. బీరువా వెనకున్న ఆ ఫోటో నా కళ్ళకి ఇప్పటికీ గొప్పదే. ఆయన కళ్ళకి ఇది.

ఆయన కుర్చీ బల్ల దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు. చాలాసేపు చూశాక నవ్వాడు, ఈసారి ఎవరికోసమూ కాదు.

‘ఇసాకపట్నం ఎల్లినప్పుడు కోడలికి సెప్పు, నల్లసీర కట్టుకుని పిల్లని ఎత్తుకోమను. అప్పుడు సూస్తాను.’

‘ఎల్లినప్పుడు’ అన్నాడు. ఎండలని గానీ వానలని గానీ అనలేదు. నేను అమ్మ వైపు చూశాను, నలుపు మాటెత్తితే మళ్ళీ లేస్తుందేమోనని. పెళ్ళయినప్పటినుంచి నల్లచీర ముట్టని మనిషి ఆమె. నోటికి అడ్డం పెట్టుకున్న కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

‘బాలింతకి నల్లసీరేటి, దిష్టి కాదేటి’ అంది. ఫోటో వైపు ఇంకోసారి చూసి, ‘నాను కట్టుకుంటాను. రేపు నాకో నల్లసీర తీసుకురావే’ అంది నాతో.

నేను నవ్వాను, ఏడ్చాను, రెండూ కలిసే వచ్చాయి. నాన్న ఆ సంగతి పట్టించుకోలేదు. ఫోటోని కాస్త దగ్గరికి లాక్కున్నాడు, కనుబొమ్మలు ముడిచాడు. ఆ ముడి నేను ఎరుగుదును. నందిని కాలనీలో కిటికీ దగ్గర రీలు ఫోటోలు పట్టుకున్నప్పటి ముడి అది.

‘ఈ సెవి మీద ఎలుగు ఎక్కువైపోనాది,’ అన్నాడు. ‘ముందు సెవే కనిపిస్తన్నాది, తరవాత పిల్ల. తగ్గించు.’

లాప్‌టాప్ తెచ్చి ఆయన ముందు పెట్టాను. నా కూతురు తెర వెలుగు కాస్త తగ్గించింది, ఆయన కళ్ళకి గుచ్చుకోకుండా. చెవి మీద హైలైట్స్ చుక్కని కొద్దిగా వెనక్కి జరిపాను.

‘ఇప్పుడు?’

‘ఇంకొంచెం.’

జరిపాను. ‘ఇప్పుడు?’

‘అంత కాదు. కాస్త ఎనక్కి తే. ఆఁ, అక్కడ.’

ఆ సాయంత్రం ఆ ఫోటోకి ఆయన ఇంకా చాలా వంకలు పెట్టాడు, బాగుందని మాత్రం ఒక్కసారి కూడా అనలేదు.